ఓడిపోలేని హీరోతో ఆట ఎలా ఆడాలి? సూపర్‌హీరో గేముల 40 ఏళ్ల కథ

ముందే ఒక హెచ్చరిక. 2018లో వచ్చిన మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ గేమ్ ఎండింగ్ గురించి ఇవాళ దాచకుండా మాట్లాడతాను. ఇంకా ఆడనివాళ్లు, ఆడదాం అనుకుంటున్నవాళ్లు ఉంటే ఇక్కడే ఆపేయండి. ఆడాక రండి, ఈ ఎపిసోడ్ ఎక్కడికీ పోదు.

ఇక విషయంలోకి వెళ్దాం. సూపర్‌హీరో గేమ్ ఎందుకు నచ్చుతుంది అని ఎవర్ని అడిగినా మొదట వచ్చే మాట పవర్. బిల్డింగ్ మీద నుంచి దూకొచ్చు, గోడలెక్కొచ్చు, పదిహేను మంది రౌడీలను ఒక్కడే మట్టి కరిపించొచ్చు. బాగుంటుంది, కాదనను. కానీ పవర్ ఒక్కటే కారణమైతే ఈ కథ 1979లోనే అయిపోవాలి. ఎగరగలిగే, చావే లేని హీరోని అప్పుడే మన చేతికిచ్చేశారు. అయినా గొంతులో ఏదో అడ్డం పడేలా చేసే సూపర్‌హీరో గేమ్ రావడానికి దాదాపు ఇంకో 30 ఏళ్లు పట్టింది. అన్నేళ్లు ఎందుకు పట్టింది అన్నదే ఇవాళ్టి ఎపిసోడ్.

అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. ఆట అన్నాక ఓటమి ఉండాలి. క్యారమ్స్ అయినా, కబడ్డీ అయినా, క్యాండీ క్రష్ అయినా, ఓడిపోయే ఛాన్స్ లేకపోతే రెండో రోజు ఎవడూ ఆడడు. మారియో గుంతలో పడతాడు, ప్యాక్‌మ్యాన్‌ని దెయ్యం పట్టుకుంటుంది, ఒక లైఫ్ పోతుంది. మరి సూపర్‌మ్యాన్ సంగతేంటి? బుల్లెట్ తగిలితే బుల్లెట్టే వంగుతుంది. గుంతలో పడితే ఎగిరి బయటికొస్తాడు. ఇలాంటివాడిని పెట్టి ఆట ఎలా తయారు చేయాలి?

అటారీ 2600 అని ఒక కన్సోల్ ఉండేది. టీవీకి తగిలించి, కార్ట్రిడ్జ్ గుచ్చి ఆడేవాళ్లు. 1976లో ఆ అటారీ కంపెనీని వార్నర్ వాళ్లు కొన్నారు. సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కూడా వాళ్లదే. 1978 డిసెంబర్‌లో క్రిస్టఫర్ రీవ్ హీరోగా వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమా కూడా వాళ్లదే. అన్నీ ఒకే ఇంట్లో ఉంటే గేమ్ రాకుండా ఉంటుందా? 1979లో వచ్చేసింది. చేసింది జాన్ డన్ అనే ప్రోగ్రామర్. అదే ఆఫీసులో వారెన్ రాబినెట్ అనే అతను అడ్వెంచర్ అనే గేమ్ మీద పని చేస్తుంటే, ఆ కోడ్ తీసుకుని దాని మీద డన్ తన గేమ్ కట్టుకున్నాడు. మొత్తం సైజు 4 కిలోబైట్లు. ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది.

అంత చిన్నదాంట్లో కూడా ఒక కథ ఉంది. క్లార్క్ కెంట్ ఫోన్ బూత్‌లో దూరి సూపర్‌మ్యాన్ అవుతాడు. బ్రిడ్జి పేలిపోతుంది. ముక్కలు వెతికి బ్రిడ్జిని మళ్లీ కట్టాలి, లెక్స్ లూథర్‌నీ అతని ముఠానీ పట్టుకుని జైల్లో వేయాలి, మళ్లీ క్లార్క్‌గా మారి పేపర్ ఆఫీసుకి వెళ్లాలి. హీరోకి చావు లేదు. క్రిప్టోనైట్ తగిలితే పవర్ పోయి నడుచుకుంటూ తిరగాలి, లోయిస్ లేన్ కనపడి ముద్దు పెడితే పవర్ తిరిగొస్తుంది. మరి ఓటమి ఎక్కడ? లేదు. గడియారం ఒక్కటే ఉంది. ఎంత టైమ్‌లో ముగించావన్నదే స్కోర్. చిక్కుని విప్పలేదు కానీ తెలివిగా పక్కకి తప్పుకున్నాడు డన్. హీరో దగ్గర ఏం తీసేయాలో తెలీక టైమ్ తీసేశాడు.

ఒక పక్క మాట. దీని మరుసటి ఏడాది, 1980లో, మనకి ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్ సినిమా వచ్చింది. ఆయనకి శక్తి ఇచ్చింది వేరే గ్రహం కాదు, ఆంజనేయస్వామి. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇప్పుడు కాదు.

తర్వాత ఇరవై ఏళ్లలో సూపర్‌హీరో గేములు చాలా వచ్చాయి. ఎక్కువ శాతం సినిమా రిలీజ్ డేట్‌కి హడావుడిగా వండినవే. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క 1999 సూపర్‌మ్యాన్‌ని మాత్రం వదల్లేను. నింటెండో 64 మీద టైటస్ అనే ఫ్రెంచ్ కంపెనీ తెచ్చింది. చరిత్రలో చెత్త గేముల లిస్ట్ ఎవరు రాసినా ఇది పై వరసలో ఉంటుంది. అందులో సూపర్‌మ్యాన్ చేసే ముఖ్యమైన పనేంటో తెలుసా? గాల్లో వేలాడే రింగుల మధ్య నుంచి ఎగరడం. ఒక రింగ్ అయ్యాక ఇంకో రింగ్, టైమర్ తిరుగుతూ ఉంటుంది. కథ ప్రకారం అది అసలు మెట్రోపొలిస్ కూడా కాదు, లూథర్ కంప్యూటర్‌లో తయారు చేసిన నకిలీ ఊరు. చుట్టూ పచ్చటి పొగమంచు. మనుషులు దాదాపు కనపడరు.

అందరూ ఆ గేమ్ కంట్రోల్స్‌ని తిడతారు. తిట్టాల్సిందే. నాకు మాత్రం అంతకంటే పెద్ద తప్పు ఆ ఖాళీ ఊరు అనిపిస్తుంది. కాపాడటానికి ఎవరూ లేని ఊళ్లో సూపర్‌మ్యాన్‌కి ఏం పని? ఆ రింగులు దాటకపోతే నష్టం ఎవరికి? ఈ ఖాళీ ఊరిని గుర్తుపెట్టుకోండి, 2018కి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఇక్కడ కామిక్స్ వైపు ఒకసారి చూడాలి, ఎందుకంటే గేములకి దొరకని జవాబు వాటికి ముందే దొరికింది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి స్పైడర్‌మ్యాన్‌ని తెచ్చారు. మొదటి కథలోనే హీరో ఒక దొంగని పట్టించుకోకుండా వదిలేస్తాడు, తర్వాత ఆ దొంగే తనని పెంచిన అంకుల్ బెన్‌ని చంపేస్తాడు. 1973లో ఇంకో అడుగు ముందుకేశారు. హీరో ప్రేమించిన గ్వెన్ స్టేసీ కింద పడిపోతుంటే స్పైడర్‌మ్యాన్ వెబ్ వేసి పట్టుకుంటాడు. పట్టుకున్నాడు, అయినా ఆ అమ్మాయి చనిపోయింది. అప్పటి పాఠకులకి అది మామూలు షాక్ కాదు. హీరోకి ఏమీ కాలేదు, కానీ హీరో ఓడిపోయాడు. అంటే ఓటమి హీరో ఒంటి మీదే ఉండాలని లేదు, హీరోకి కావాల్సిన మనిషి మీదా ఉండొచ్చు.

కామిక్ రాసేవాళ్లకి 1973లో తెలిసిన ఈ సంగతి గేములు చేసేవాళ్లకి ఎందుకు ఎక్కలేదంటారా? నా అంచనా చెప్తాను. గేమ్‌లో మనం చనిపోతే మళ్లీ మొదలుపెడతాం. అంతా రీస్టార్ట్ అయ్యే చోట ఒక మనిషి పోయాడని ఏడిపించడం కష్టం. పైగా టెక్నాలజీ వాళ్లకి ముందు వేరే పని ఉంది. హీరో హీరోలా కదలాలి కదా.

ఆ పని 2004లో స్పైడర్‌మ్యాన్ 2 గేమ్ చేసింది. ట్రెయార్క్ స్టూడియో తయారు చేసింది, సినిమాతో పాటు వచ్చింది. అంతకుముందు గేముల్లో స్పైడర్‌మ్యాన్ వెబ్ పైకి పోయి ఆకాశానికి అతుక్కునేది! ఇందులో నిజంగా బిల్డింగ్‌కే తగులుతుంది. పక్కన బిల్డింగ్ లేకపోతే ఊగలేం. ఉయ్యాల ఊగినట్టు బరువు తెలుస్తుంది, ఎక్కడ వదిలితే ఎంత దూరం పోతామో చేతికి అలవాటవుతుంది. కథ సినిమాదే, సైడ్ మిషన్లలో పిజ్జా డెలివరీ, పిల్లల చేతిలోంచి ఎగిరిపోయిన బెలూన్ పట్టుకురావడం. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ రోజు నుంచి ఊరు అనేది బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ కాకుండా మనం చేత్తో తడిమే వస్తువు అయింది.

2009 ఆగస్టులో బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ అసైలమ్ వచ్చింది. ఇక్కడ కాస్త ఆగుతాను. లండన్‌లోని రాక్‌స్టెడీ అనే స్టూడియో చేసింది. వాళ్లు అంతకుముందు విడుదల చేసింది ఒకే ఒక్క గేమ్. కథ రాసింది పాల్ డీనీ, 1990ల బ్యాట్‌మ్యాన్ కార్టూన్ సీరియల్‌కి రాసిన మనిషి. ఆ కార్టూన్‌లో బ్యాట్‌మ్యాన్‌కి గొంతు ఇచ్చిన కెవిన్ కాన్రాయ్, జోకర్‌కి గొంతు ఇచ్చిన మార్క్ హ్యామిల్ ఇద్దర్నీ మళ్లీ తెచ్చారు. ఏ సినిమా రిలీజ్‌కీ కట్టుబడలేదు. ఒక్క రాత్రి, ఒక్క దీవి, ఒక పిచ్చాసుపత్రి. అంతే కథ.

ఫైటింగ్ గురించి అందరూ చెప్తారు, నేను వదిలేస్తాను. నాకు కావాల్సింది స్కేర్‌క్రో సీన్లు. స్కేర్‌క్రో ఒక గ్యాస్ వదులుతాడు, అది పీల్చినవాళ్లకి వాళ్ల భయాలు కళ్ల ముందుకొస్తాయి. ఒకచోట బ్యాట్‌మ్యాన్ ఆసుపత్రి కారిడార్‌లో నడుస్తుంటాడు. మనం చేసేది స్టిక్‌ని ముందుకి తోయడమే. నడుస్తుండగా గోడలు మారిపోతాయి, వర్షం మొదలవుతుంది, బ్రూస్ వెయిన్ అమ్మానాన్నల ఆఖరి మాటలు వినపడతాయి. బ్యాట్‌మ్యాన్ నడక నెమ్మదవుతుంది. చూస్తే అక్కడ నడుస్తున్నది బ్యాట్‌మ్యాన్ కాదు, చిన్న పిల్లాడు. ఎవర్నీ కొట్టలేం, ఎగరలేం, పరిగెత్తలేం. ముందుకి నడవడం ఒక్కటే మన చేతిలో ఉంది, ఎక్కడికి నడుస్తున్నామో మనకి తెలుసు.

ఇంకోచోట స్క్రీన్ గడ్డకట్టి, గీతలు గీతలుగా అయిపోయి, గేమ్ మళ్లీ మొదటినుంచి లోడ్ అవుతుంది. చాలామంది కన్సోల్ పాడైందనే అనుకున్నారు. మొదటి సీన్‌లో బ్యాట్‌మ్యాన్ జోకర్‌ని కట్టేసి కార్లో తెస్తాడు. ఇప్పుడు జోకర్ డ్రైవ్ చేస్తుంటాడు, కట్టేసి ఉన్నది బ్యాట్‌మ్యాన్. కాసేపటికి జోకర్ తుపాకి పేలుస్తాడు, మనం చచ్చిపోతాం, గేమ్ ఓవర్ స్క్రీన్ వస్తుంది. దాని మీద ఎలా తప్పించుకోవాలో ఒక సలహా కూడా ఉంటుంది, మధ్యలో ఉన్న స్టిక్ వాడమని. కంట్రోలర్ చూసుకోండి, మధ్యలో స్టిక్ ఉండదు! హీరోని భయపెట్టినా మనం భయపడమని వాళ్లకి తెలుసు. అందుకే కంట్రోలర్ పట్టుకున్నవాడినే భయపెట్టారు. 30 ఏళ్ల చిక్కు నాకు తెలిసి సరిగ్గా విడిపోవడం మొదలైంది ఇక్కడే. పవర్ ఇవ్వడం అందరికీ వచ్చు. ఇచ్చిన పవర్‌ని కథ కోసం సరైన చోట మన చేతుల్లోంచి లాక్కోవడం వీళ్లకి వచ్చింది.

2011లో వచ్చిన రెండో భాగం ఆర్ఖమ్ సిటీలో, బ్రూస్ అమ్మానాన్నలు చనిపోయిన సందు ఉంటుంది. ఏ మిషన్‌లోనూ అక్కడికి వెళ్లమని చెప్పరు. వెళ్లి బటన్ నొక్కితే బ్యాట్‌మ్యాన్ మోకాలి మీద కూర్చుంటాడు, అంతే. ఏ పాయింట్లూ రావు. కాన్రాయ్ 2022 నవంబర్‌లో చనిపోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ సందే.

ఇదే టైమ్‌లో ఇంకో దారి కూడా తెరుచుకుంది. టెల్‌టేల్ గేమ్స్ అని కాలిఫోర్నియా కంపెనీ, 2004లో పెట్టారు. వాళ్ల గేముల్లో ఫైటింగ్ తక్కువ, మాటలు ఎక్కువ. ఎవరో ఏదో అడుగుతారు, నాలుగు జవాబులు కనపడతాయి, టైమర్ కరిగిపోతుంటుంది. ఏదో ఒకటి నొక్కాలి. ఫలానా మనిషి ఈ మాట గుర్తుపెట్టుకుంటాడని పైన మూలలో ఒక లైన్ వస్తుంది. ఆ లైన్ చూసి గుండె జారినవాళ్లు మీలో కూడా ఉండే ఉంటారు, ఎందుకంటే ఈ గేములు ఫోన్‌కి కూడా వచ్చాయి. 2016లో వాళ్లు బ్యాట్‌మ్యాన్‌ని తీసుకుని ఐదు ఎపిసోడ్లుగా వదిలారు. అందులో బ్రూస్ తండ్రి థామస్ వెయిన్ మంచివాడు కాదు, ముఠా వాళ్లతో చేతులు కలిపిన మనిషి. 80 ఏళ్లకి దగ్గరపడిన కథలో దేవుడి పటం లాంటి తండ్రిని కిందకి దించేశారు. ఒకచోట హార్వీ డెంట్‌ని కాపాడతావా, క్యాట్‌వుమన్‌ని కాపాడతావా అని అడుగుతారు. ఎవర్ని ఎంచుకున్నా హార్వీ చివరికి విలన్ అవుతాడు, కాకపోతే ముఖం కాలుతుందా లేదా అన్నది మన చేతిలో ఉంటుంది.

దీన్ని చాలామంది మోసం అన్నారు. ఏది నొక్కినా ఒకటే అయితే అడగడం దేనికని. నేను ఒప్పుకోను. స్నేహితుడు చెయ్యి జారిపోతాడని తెలిశాక కూడా ఎలా జారిపోనిచ్చావన్నది లెక్కే. అయితే ఈ పద్ధతిలో ఒక బలహీనత మాత్రం ఉంది. ఎవర్ని కాపాడాలి అని అడిగినప్పుడు ఆ ఇద్దరూ మనకి తెలుసు. ఊరిని కాపాడాలి అన్నప్పుడు ఊరు తెలీదు. అక్కడ ఊరు అంటే వెనక పెయింటింగ్ మాత్రమే.

సరే, 2018.

2014 తర్వాత స్పైడర్‌మ్యాన్ గేములు చేసే యాక్టివిజన్‌తో మార్వెల్ వాళ్లు విడిపోయారు. సోనీ దగ్గరికి వెళ్తే, సోనీ ఈ పనిని ఇన్‌సోమ్నియాక్ గేమ్స్‌కి ఇచ్చింది. కాలిఫోర్నియాలో బర్బ్యాంక్ అనే ఊళ్లో ఉన్న స్టూడియో, 1994లో మొదలైంది. స్పైరో, రాచెట్ అండ్ క్లాంక్ వాళ్లవే. అప్పటిదాకా వేరేవాళ్ల హీరోతో ఒక్క గేమ్ కూడా చేయలేదు. 2018 సెప్టెంబర్ 7న పీఎస్4 మీద గేమ్ వచ్చింది. మూడు రోజుల్లో 33 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. సరిగ్గా రెండు వారాలకి, సెప్టెంబర్ 21న, టెల్‌టేల్ తన స్టాఫ్‌లో పాతికమందిని తప్ప దాదాపు అందరినీ తీసేసింది. ఒకే నెలలో ఒక దారి మూసుకుపోయింది, ఇంకో దారి హైవే అయింది.

ఈ గేమ్‌లో పీటర్‌కి 23 ఏళ్లు. స్పైడర్‌మ్యాన్ అయి 8 ఏళ్లయింది. మొదటి సీన్‌లోనే తలుపు కింద నుంచి అద్దె బాకీ నోటీసు వస్తుంది, దాన్ని చూసీ చూడనట్టు కిటికీలోంచి దూకేస్తాడు. తర్వాత ఒకరోజు నిజంగానే ఇల్లు ఖాళీ చేయించేస్తారు, సామాను చెత్త లారీలో పోతుంది, ఊరంతా ఊగుతూ ఆ చెత్త లారీల వెంట పడాలి. హైదరాబాద్‌లో బ్యాచిలర్ రూమ్ వెతుక్కున్న ఎవరికైనా ఈ హీరో బంధువులా అనిపిస్తాడు.

ఉద్యోగం ఎక్కడంటే డాక్టర్ ఆక్టేవియస్ ల్యాబ్‌లో. చేతులు పోయినవాళ్లకి కృత్రిమ చేతులు తయారు చేసే పరిశోధన. అక్కడి సర్క్యూట్ పజిల్స్ మనమే సాల్వ్ చేస్తాం. కామిక్స్ తెలిసినవాళ్లకి ఈ పెద్దమనిషి రేపు డాక్టర్ ఆక్టోపస్ అవుతాడని తెలుసు. తెలిసి కూడా ఆ చేతుల పనిలో ఒక చెయ్యి వేస్తాం. ఆయన మంచి గురువు, పీటర్‌ని ప్రేమగా చూస్తాడు, అదే బాధ.

ఇంకో పని చేశారు. అప్పుడప్పుడు పీటర్‌ని పక్కన పెట్టి, ఎమ్‌జేగానో, మైల్స్ మొరాలెస్ అనే కుర్రాడిగానో ఆడిస్తారు. వీళ్లకి పవర్ లేదు. ఎవరైనా చూస్తే అయిపోయినట్టే. ఈ మిషన్లు చాలామందికి నచ్చలేదు, స్పైడర్‌మ్యాన్ గేమ్ కొని నక్కి నక్కి నడవడం ఏంటని. కొన్ని నిజంగానే సాగదీశారు. కానీ సిటీ హాల్ దగ్గర బాంబు పేలే మిషన్ చూడండి. మైల్స్ వాళ్ల నాన్న పోలీసు, ఆ రోజు ఆయనకి మెడల్ ఇస్తున్నారు. పేలుడు తర్వాత స్పైడర్‌మ్యాన్ స్పృహ తప్పి పడి ఉంటాడు. మనం మైల్స్‌గా లేచి, పొగలో, శిథిలాల మధ్య నాన్న కోసం వెతుక్కుంటూ నడవాలి. ఆర్ఖమ్ కారిడార్ తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి అది కల కాదు.

ఒక చిన్న సాంకేతిక విషయం, నాకు చాలా ఇష్టం. పీటర్‌కి గొంతు ఇచ్చిన యూరీ లోవెంతల్ చాలా డైలాగులు రెండేసి సార్లు రికార్డ్ చేశాడు. ఒకటి మామూలుగా నిలబడి మాట్లాడినట్టు, ఇంకోటి ఊగుతూ ఆయాసంతో మాట్లాడినట్టు. మనం గాల్లో ఉంటే ఒకటి, గోడ మీద ఆగితే ఇంకోటి వినపడుతుంది, ఒక్కోసారి మాట మధ్యలోనే మారుతుంది. ఎవరూ గమనించరు. గమనించకపోవడమే దాని పని.

ఇప్పుడు ఎండింగ్. ఆఖరిసారి చెప్తున్నా, వెళ్లిపోవాలంటే వెళ్లిపోండి.

ఆంట్ మే అంటే పీటర్ నాన్నకి అన్న అయిన బెన్ భార్య. మన వరసలో పెద్దమ్మ. ఆంట్ అన్నప్పుడు రాని బరువు పెద్దమ్మ అనగానే వస్తుంది, కదా? ఆవిడ ఇళ్లు లేనివాళ్ల కోసం నడిచే షెల్టర్‌లో పని చేస్తుంది. ఆక్టేవియస్ ఊరి మీద డెవిల్స్ బ్రెత్ అనే జబ్బుని వదిలాక ఊరు మారిపోతుంది. నిన్నటిదాకా మనం సరదాగా ఊగిన వీధుల్లో చెక్‌పోస్టులు, మంటలు, దగ్గుతున్న మనుషులు. పెద్దమ్మ షెల్టర్ వదిలి వెళ్లదు, ఆవిడకీ జబ్బు తగులుకుంటుంది. గురువుతో కొట్టుకుని పీటర్ మందు తెస్తాడు. మందు కొంచెమే ఉంది. ఆవిడకి వాడేస్తే, ఊరందరికీ తయారు చేయడానికి శాంపిల్ మిగలదు. తయారయ్యేదాకా ఆగితే ఆవిడ ఉండదు. సిరంజి చేతిలో పట్టుకుని పీటర్ ఆగిపోతాడు. మాస్క్ తీయమంటుంది ఆవిడ. తనకి ఎప్పటి నుంచో తెలుసు. పీటర్ మందు వాడడు.

ఈ సీన్‌లో మనకి బటన్ ఇవ్వలేదు. టెల్‌టేల్ వాళ్లయితే ఇచ్చేవాళ్లు: ఆవిడని కాపాడు, ఊరిని కాపాడు, పది సెకన్ల టైమర్. ఇన్‌సోమ్నియాక్ వాళ్లు ఇవ్వకపోవడం తప్పని వాదించేవాళ్లున్నారు. నేను అటువైపు లేను, కారణం చెప్తాను.

2007లో ఇదే పరిస్థితి కామిక్స్‌లో వచ్చింది. వన్ మోర్ డే అని కథ. మే చావుబతుకుల్లో ఉంటే, ఆవిడ ప్రాణం కోసం పీటర్, ఎమ్‌జే మెఫిస్టో అనే దెయ్యంతో బేరం చేసుకుంటారు. తమ పెళ్లి అసలు జరగనే లేదన్నట్టు చెరిపేయడానికి ఒప్పుకుంటారు. ఫ్యాన్స్ ఇప్పటికీ ఆ కథని క్షమించలేదు. పెద్దమ్మని కాపాడుకోవడంలో తప్పేం లేదు. కానీ ఆ బేరంతో, ఓడిపోగలిగే హీరో మళ్లీ రీస్టార్ట్ బటన్ ఉన్న హీరో అయిపోయాడు. పదకొండేళ్ల తర్వాత, రీస్టార్ట్ బటన్లతోనే బతికే గేమ్‌లో, పీటర్ ఆ బటన్ నొక్కలేదు. కామిక్ గేమ్‌లా అయింది, గేమ్ పాత కామిక్‌లా అయింది. అందుకే ఆ సీన్‌లో మనకి ఛాయిస్ ఇస్తే చెడిపోయేది. ఇస్తే మనం రెండూ నొక్కి చూస్తాం, రెండు ఎండింగులూ చూస్తాం, పెద్దమ్మ బతికిన సేవ్ ఫైల్ ఒకటి పక్కన దాచుకుంటాం.

మరి మన చేతిలో ఏమీ లేకపోతే అది సినిమానే కదా అంటారు. ఇక్కడే ఆ 1999 ఖాళీ ఊరిని గుర్తు తెచ్చుకోమన్నాను. కథల్లో ఒక మనిషా, ఊరంతానా అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా ఊరు ఒట్టి మాట. మనకి ఆ మనిషి తెలుసు, ఊరు తెలీదు. కాబట్టి మనసు ఎప్పుడూ మనిషి వైపే. ఈ గేమ్‌లో ఆ సీన్ వచ్చేసరికి ఇరవై గంటలు పైగా ఆ ఊళ్లో తిరిగి ఉంటాం. ఏ సందులో కార్ దొంగతనం ఆపామో, ఏ పార్క్ దగ్గర జనం చెయ్యి ఊపారో, ఏ బిల్డింగ్ అంచు నుంచి దూకితే బాగుంటుందో వేళ్లకి తెలుసు. తక్కెడలో ఊరి పక్కన కూడా బరువు ఉంది, దాన్ని పెట్టింది మన చేతులే. అందుకే పీటర్ నిర్ణయం అన్యాయంగా అనిపించదు, భరించలేనట్టు మాత్రమే అనిపిస్తుంది.

మీలో చాలామంది లాగే నేనూ దీన్ని మొదట ఫోన్‌లోనే, యూట్యూబ్‌లో వేరేవాళ్లు ఆడుతుంటే చూశాను. మనకి కన్సోల్ ఖరీదు తెలిసిందే. 2022 ఆగస్టులో పీసీకి వచ్చాక ఫ్రెండ్ సిస్టమ్‌లో ఆడాను. కథ ముందే తెలుసు, ప్రతి సీన్ తెలుసు. చూసినప్పుడు పెద్దమ్మ గురించి బాధపడ్డాను. ఆడినప్పుడు బాధ కొంచెం వేరేగా ఉంది: చివరి ఫైట్‌కి ముందు ఇంకో రెండు రోజులు కావాలనే సైడ్ మిషన్లు చేస్తూ ఊళ్లో తిరిగాను. అక్కడికి వెళ్తే ఏం జరుగుతుందో తెలుసు కదా. వీడియోలో ఆ రెండు రోజులు ఉండవు. అలాగని చూసినవాళ్లకి కథ దక్కలేదని అననుగానీ, ఊరు దక్కలేదని మాత్రం అంటాను. భాష ఇంకో అడ్డు. 2023లో అక్రాస్ ద స్పైడర్‌వర్స్ సినిమా మనకి తెలుగులో థియేటర్లో దొరికింది, ఈ గేమ్ తెలుగులో లేదు. ఆవిడ ఆఖరి మాటలు మనం సబ్‌టైటిల్‌లో చదువుకోవాల్సిందే.

టెల్‌టేల్ నుంచి బయటికొచ్చిన కొందరు 2018లోనే అడ్‌హాక్ స్టూడియో అని పెట్టుకున్నారు. 2025 అక్టోబర్‌లో వాళ్ల గేమ్ వచ్చింది, పేరు డిస్పాచ్. ఎనిమిది ఎపిసోడ్లు, వారానికి రెండు చొప్పున వదిలారు. హీరో రాబర్ట్‌కి పుట్టుకతో వచ్చిన పవర్ ఏమీ లేదు, తాతల నుంచి వచ్చిన ఒక మెషీన్ సూట్ ఉండేది, అది పాడైపోతుంది. దాంతో సూపర్‌హీరోలను పంపించే కాల్ సెంటర్‌లో ఉద్యోగానికి చేరతాడు. నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకి ఆ ఆఫీసు, ఆ కాఫీ, ఆ కొలీగ్స్ కొత్తగా ఏం అనిపించరు. హెడ్‌సెట్ పెట్టుకుని, ఊరి మ్యాప్ చూస్తూ, ఏ గొడవకి ఎవర్ని పంపాలో టైమ్ అయిపోయేలోపు మనం తేల్చాలి. మనం గుద్దం, ఎగరం. వెళ్లినవాళ్లు దెబ్బలు తగిలించుకుని వస్తారు, పంపింది మనమే.

దాని సంగతి వచ్చే వారం.